నాన్న సాక్సు విప్పని వేసవి

మొన్న పొద్దున కూలర్ గడ్డి మార్చే అతను మా సందులోకి వచ్చాడు. ఒకప్పుడు ఎండలు మొదలయ్యాయంటే రాయపూర్‌లో ఇలాంటివాళ్ళు సందుకి నలభై మంది చొప్పున తిరిగేవాళ్ళు. ఇప్పుడు ఊరు మొత్తానికి ఇతనొక్కడే మిగిలాడని నా అనుమానం. మా సందులో అందరికీ ఏసీలే. మూలింటి పెద్దాయన మాత్రం పాత ఇనప కూలర్‌ని వదలలేదు. అది తిరగడం మొదలుపెడితే హెలికాప్టర్ దిగుతోందనుకుని మూడు వీధుల పావురాలు లేచిపోతాయి.

అతను పాత గడ్డి పీకేసి, కొత్త వట్టివేరు తడికెలు బిగించి, బకెట్‌తో నీళ్ళు కొట్టాడు. ఆ తడి వాసన గాలిలో తేలుతూ మా గేటు దాకా వచ్చింది. పాల ప్యాకెట్ కోసం బయటికి వచ్చినదాన్ని, పాలు మర్చిపోయి, ఉత్త కాళ్ళతో ఆ కూలర్ దాకా నడిచి వెళ్ళిపోయాను. అక్కడ పడి ఉన్న తీగ ముక్క ఒకటి అరికాల్లో దిగింది. ఆవగింజంత రక్తం.

"ఏం కాలేదు, ఏం కాలేదు" అన్నాను, ఎవరూ అడగకుండానే.

అది మా ఇంట్లో అనకూడని మాట. ఎందుకు అనకూడదో చెప్పాలంటే నాకు పదకొండేళ్ళున్నప్పటి వేసవిలోకి వెళ్ళాలి. ముందే ఒక మాట చెప్పేస్తాను. నాకు ఆవగింజని గుమ్మడికాయ చేసి చెప్పే అలవాటుంది. మీరు సగం తగ్గించుకుని చదువుకోండి. ఒక్క నాన్న కాలి సంగతి మాత్రం ఉన్నదున్నట్టే చెబుతాను.

ఛత్తీస్‌గఢ్ వేరే రాష్ట్రమైన కొత్త అది. రాయపూర్ రాత్రికి రాత్రి రాజధాని అయింది గానీ ఆ కబురు రోడ్ల మీద పడుకున్న గేదెలకి ఇంకా అందలేదు. మేము సిల్తారా వెళ్ళే దారిలో ఒక కాలనీలో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. నాన్న స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చి, ఇక్కడే ఇనుమూ మసీ తింటూ స్థిరపడ్డాడు. మసి తినడం అనేది నేను పెంచి చెప్పడం కాదు. ఫ్యాక్టరీ గొట్టాల నుంచి నల్లటి పొడి మా డాబాల మీద పొద్దున్నా సాయంత్రం రాలేది. మా నానమ్మ ఎండలో పెట్టిన వడియాలు నాలుగు గంటలకల్లా బొగ్గు బిళ్ళలైపోయేవి. ఆవిడ వాటిని మూడు నీళ్ళు కడిగి, మళ్ళీ ఆరబెట్టి, మళ్ళీ కడిగి, చివరికి ఏడ్చుకుంటూ వేయించేది. ఆ వడియం నోట్లో వేసుకుంటే ముందు ఉప్పు, తర్వాత ఇంగువ, ఆ తర్వాత రైలింజను రుచి తగిలేది.

పక్కింట్లో ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఉండేవాడు. ఛత్తీస్‌గఢీ మనిషి. అందరూ మిస్త్రీజీ అంటే నేను మిస్త్రీకాకా అనేదాన్ని. ఆయన తల్లిని దాయీ అనేవాళ్ళం. మా నానమ్మకి హిందీ రాదు, దాయీకి తెలుగు రాదు. అయినా ఇద్దరూ గోడకి అటొకరు ఇటొకరు కూర్చుని రోజుకి పద్దెనిమిది గంటలు మాట్లాడుకునేవాళ్ళు. వాళ్ళ స్నేహం అన్నంతో మొదలైంది. ఒకరోజు దాయీ బోరే బాసీ అని ఒక గిన్నె పంపింది. నానమ్మ మూత తీసి చూసి నడుం మీద చెయ్యేసుకుంది.

"ఓలమ్మ! ఇది మన సద్దన్నమే కాదేటి! దీనికింత పెద్ద పేరా?"

ఎదురుగా ఉల్లిపాయా పచ్చిమిరపకాయా పెట్టుకుని గిన్నె ఖాళీ చేసి, తిరిగి అదే గిన్నెలో ఆవకాయ పంపింది. ఆవకాయ తిన్న దాయీ రెండు రోజులు గోడ దగ్గర కనిపించలేదు. మూడో రోజు ఇంకా కావాలంటూ వచ్చింది.

ఇక ఫ్యాక్టరీ గేటు దగ్గరున్న బోర్డు గురించి చెప్పాలి. సినిమా తెరంత పచ్చ బోర్డు. ప్రమాదం జరగకుండా ఎన్ని రోజులైందో దాని మీద రేకు అంకెలు కొక్కేలకి తగిలించి చూపించేవాళ్ళు. ఆ ఏడాది యాజమాన్యానికి ఒక ఆలోచన వచ్చింది. అంకె వందకి చేరితే పనివాళ్ళందరికీ మనిషికో ఐదు లీటర్ల ప్రెషర్ కుక్కర్. ఒక్క దెబ్బ తగిలితే మళ్ళీ సున్నా.

అప్పటికి మా ఇంట్లో ఉన్న కుక్కర్ అమ్మ పెళ్ళినాటిది. దాని విజిల్ పోతే, ఆ చోట ఇనప నట్టొకటి బరువుగా పెట్టి వండేది అమ్మ. అది పేలుతుందేమోనని పప్పు వండే రోజున నేను మంచం కింద దాక్కుని లెక్కలు చేసుకునేదాన్ని. కుక్కర్ కబురు తెలిసిన రోజు నుంచీ అమ్మ నాన్న గుమ్మంలో అడుగు పెట్టగానే మంచినీళ్ళ కంటే ముందు అంకె అడిగేది.

"ఈరోజు ఎంత?"

"డెబ్భై రెండు."

"అరే వా! ఎవరూ ఏ వేలూ కోసుకోకండి, మీకు పుణ్యముంటుంది."

ఆ మాటలోనే ఉంది తిరకాసు. వేళ్ళు కోసుకోకుండా ఇనుముతో పని చెయ్యడం కుదిరే పని కాదు. అయితే దెబ్బ తగిలిందని సున్నా పడేది కాదు. ఫస్టెయిడ్ గదిలో రిజిస్టర్‌లో రాస్తే సున్నా పడేది. కాబట్టి మనుషులు గదికి వెళ్ళడం మానేశారు. చెయ్యి తెగితే మసిగుడ్డ, కాలు తెగితే సాక్సు. పైన గ్లవ్సూ బూట్లూ. అందరూ ఆరోగ్యంగా ఉన్నారు, బోర్డు ఇంకా ఆరోగ్యంగా ఉంది.

ఎనభై తొమ్మిదో రోజున నాన్న ఇంటికి వచ్చి అంకె చెప్పి, నేరుగా కూలర్ వెనక్కి వెళ్ళాడు. కూలర్ కిటికీ బయట ఇనప స్టాండు మీద ఉండేది. దాని వెనక మూడడుగుల చోటుంది. ఆ చోటు నాది. అమ్మకి కనిపించకుండా చింతకాయలు నాకడానికీ, బడి నుంచి వచ్చిన ప్రోగ్రెస్ రిపోర్టులు దాచడానికీ నేను కనిపెట్టిన సామ్రాజ్యం. అప్పటికే అక్కడ నేనుండటం చూసి నాన్న ఉలిక్కిపడ్డాడు. దొరికిపోయింది నేనో తనో తెలీనట్టు ఇద్దరం కాసేపు చూసుకున్నాం.

నాన్న ఇటుక మీద కూర్చుని సాక్సు విప్పాడు. అరికాల్లో, చిటికెన వేలి కిందుగా, చిన్న కన్నం. చెక్క పెట్టెకున్న తుప్పు మేకు అరిగిపోయిన బూటు అట్టలోంచి దిగిందట. కన్నం చిన్నదే. బొట్టు పెట్టుకునేంత కూడా లేదు. కూలర్ కింద కారుతున్న నీళ్ళతో కడిగి, జేబులోంచి పసుపు పొట్లం తీసి అద్ది, మళ్ళీ అదే సాక్సు తొడుక్కున్నాడు.

"నొప్పా నాన్నా?"

"ఏం కాలేదు. అమ్మకి చెప్పకు."

"ఎందుకు?"

"అమ్మకి తెలిస్తే డాక్టరంటుంది. డాక్టరంటే ఎక్కడ తగిలిందంటాడు. ఇంక పదకొండు రోజులే. మిస్త్రీ కూడా అదే అన్నాడు."

నా మౌనానికి ధర ఉంటుందని నాన్నకి తెలుసు.

"గుప్‌చుప్ తింటావా?"

మీ ఊళ్ళో పానీపూరీ అంటారు. మా రాయపూర్‌లో గుప్‌చుప్. ఆ సాయంత్రం నాన్న కుంటుతూ నన్ను సందు చివరి బండి దగ్గరికి తీసుకెళ్ళాడు. పుదీనా నీళ్ళ వాసన, చింతపండు పులుపు, ఆకుదొన్నెలోంచి మోచేతి దాకా కారే రసం. నేను ఒక్క పూటలో నూట ఆరు తిన్నాను. సరే, పద్దెనిమిది. మర్నాడు మళ్ళీ. ఆ మర్నాడు మళ్ళీ. నాలుగో రోజు నాన్న నడవలేనన్నాడు. డబ్బులిచ్చి నన్నే వెళ్ళి తినమన్నాడు. వెళ్ళాను, తిన్నాను.

అయిదో రోజు, అంటే బోర్డు మీద తొంభై మూడు ఉన్న రోజు, నాన్న పొద్దున్నే వణకడం మొదలుపెట్టాడు. బయట ఎండ ఎలా ఉందంటే కాకులు నీడ కోసం టెంకాయ చిప్పల కింద దూరుతున్నాయి. అలాంటి ఎండలో మనిషి దుప్పటి కప్పుకుని పళ్ళు టకటకలాడిస్తున్నాడు. రాయపూర్‌లో వేసవిలో ఎవరికి ఏమొచ్చినా పేరొకటే: లూ. వడగాలి కొట్టింది. జ్వరమొచ్చినా లూ, వాంతులైనా లూ, పరీక్ష తప్పినా లూయే. గోడ అవతల నుంచి దాయీ తీర్పు చెప్పేసింది.

"లూ లగ్‌గే హే!"

నానమ్మ తలూపింది. వైద్యం మొదలైంది. పచ్చి మామిడికాయలు కాల్చి, బెల్లమూ జీలకర్రా కలిపి పన్నా తాగించారు. జేబులో ఉల్లిపాయ పెట్టారు. దిండు కింద ఇంకోటి. మధ్యాహ్నానికి ఇల్లంతా మార్కెట్ యార్డు వాసన. ఇక మిగిలింది అసలు మందు: ఉల్లిపాయ దంచి ఆ రసం అరికాళ్ళకి రుద్దాలి. లూ అరికాళ్ళలోంచి దిగిపోతుందని ఈ దేశపు నమ్మకం. దాయీ రోలు చంకనెత్తుకుని స్వయంగా వచ్చింది.

"గోడ్ ల దే, బేటా" అంది. కాళ్ళివ్వు బాబూ అని.

నాన్న కాళ్ళు ముడుచుకున్నాడు.

"వద్దు దాయీ. చలి."

"అరే, సాక్సు విప్పరా బాబూ. ఈ ఎండలో సాక్సేటి నీకు, పెళ్ళికేటి పోతున్నావా?" అంది నానమ్మ.

"చలేస్తోందమ్మా."

దాయీ ఒక కాలు పట్టుకుంటే నాన్న రెండో కాలు కింద దాన్ని దాచాడు. నానమ్మ రెండోది పట్టుకుంటే మొదటిది దాచాడు. కాళ్ళు రెండే గానీ ఆ పెనుగులాటలో ఆరున్నాయనిపించింది. చివరికి దాయీ ఓడిపోయి, ఆ రసాన్ని వృథా చెయ్యడం ఇష్టం లేక నా అరికాళ్ళకి రుద్దేసి వెళ్ళిపోయింది.

నేను గుమ్మం దగ్గర నిలబడి నాన్న వైపు చూశాను. నాన్న నా వైపు చూసి వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళకి జ్వరం తగ్గింది. అమ్మ దేవుడికి దణ్ణం పెట్టింది. చేతులు చల్లగా ఉన్నాయి, లూ దిగిందంది నానమ్మ. నాన్న కళ్ళు తెరిచి నన్ను చూసి అన్నాడు:

"మిస్త్రీజీ, బెల్టు ఆపండి. బెల్టు ఆపండి."

అది ఫ్యాక్టరీలో బొగ్గు మోసే బెల్టు. నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. అప్పుడు నానమ్మ వంగి, "ఏటి బాబూ, కొంచెం గంజి తాగుతావా?" అంది. నాన్న ఆవిడ వైపు చాలాసేపు చూశాడు.

"నువ్వెవరమ్మా?"

నానమ్మ చేతిలో గిన్నె ఒరిగిపోయింది. గంజి చాప మీద పారింది. ఎవరూ తుడవలేదు.

సరిగ్గా అప్పుడే ఎదురింటి సిస్టరత్తయ్య డ్యూటీ దిగి వచ్చింది. గోదావరి జిల్లా ఆవిడ. పెద్దాసుపత్రిలో నర్సు. మేము అందరం సిస్టర్ అనేవాళ్ళం, ఆవిడ నాన్నని అన్నయ్యగారూ అని వరస కలపడంతో నాకు సిస్టరత్తయ్య అయింది. క్రిస్మస్‌కి కాలనీలో ఇంటింటికీ కేకు పంచేది. సూదికి భయపడి ఏడ్చే పిల్లలకి ఇంకో రెండు సూదులు వేస్తానని బెదిరించేది. ఎర్ర గొడుగు గోడకి ఆనించి లోపలికి వచ్చి, మంచం వైపు ఒక్క చూపు చూసి, చేతి సంచి కింద పెట్టేసింది.

"ఎప్పట్నుంచండీ ఇలాగ?"

"నిన్న జ్వరం. ఈరోజు తగ్గింది. లూ..." అంది అమ్మ.

అత్తయ్య వినలేదు. వాచీ చూస్తూ నాన్న ఊపిరి లెక్కపెట్టింది. పరుగెత్తి వచ్చిన కుక్క లాగా ఎగపోస్తున్నాడు, మేము అది గమనించనే లేదు. గోరు నొక్కి వదిలింది. తెల్లబడ్డ గోరు తెల్లగానే ఉండిపోయింది, ఎంతసేపటికో గానీ ఎరుపు రాలేదు.

"ఒంటేలుకి ఎప్పుడెళ్ళారు?"

అమ్మా నానమ్మా మొహమొహాలు చూసుకున్నారు.

"నిన్న... నిన్న సాయంత్రమేమో."

"అన్ని నీళ్ళు తాగించి కూడానా? వదినగారూ, ఇది లూ కాదండి. జ్వరం తగ్గడం కాదు, ఒళ్ళు చల్లబడిపోతోంది. ఎక్కడైనా దెబ్బ తగిలిందా? పుండుందా? సెగ్గెడ్డ? పన్ను పీకించారా?"

"ఏం లేదు సిస్టర్. మాకు చెప్పకుండా ఉంటారా?"

అత్తయ్య నాన్న చేతులు తిప్పి చూసింది. చొక్కా ఎత్తి చూసింది. నోరు తెరిపించింది. నా అరికాళ్ళు ఉల్లిపాయ రసంతో ఇంకా జిగటగానే ఉన్నాయి. చెబితే నాన్నకి కోపమొస్తుంది. బోర్డు సున్నా అవుతుంది. అమ్మకి కుక్కర్ రాదు. మిస్త్రీకాకా మా ఇంటితో మాట్లాడడు. ఇన్ని లెక్కలు నేను ఎప్పుడూ బళ్ళో కూడా అంత తొందరగా చెయ్యలేదు.

మంచం దగ్గరికి వెళ్ళి ఎడమకాలి సాక్సు పట్టుకుని లాగేశాను.

ఈ భాగంలో నేనేమీ పెంచడం లేదు. ముందు వాసన వచ్చింది. ఉల్లిపాయల్ని, వట్టివేరుని, అన్నిటినీ మింగేసిన వాసన. పాదం రెట్టింపు లావుంది. చిటికెన వేలూ దాని పక్క వేలూ నల్లబడ్డాయి. పాదం మీద నుంచి ఎర్రటి గీత ఒకటి చీలమండ దాటి పిక్క మీదికి పాకింది. ఆ కన్నం మాత్రం అంతే ఉంది, చిన్నది.

అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అత్తయ్య మాత్రం ఒక్క మాటే అంది.

"బండి. ఇప్పుడే."

బండి అనగానే దొరకడానికి అప్పట్లో మా కాలనీలో ఉన్నవి సైకిళ్ళు. ఫోను మూడు వీధుల అవతల. సందు మొగలో కూలర్ గడ్డి అమ్మేవాడు తన మూడు చక్రాల లోడు ఆటో ఆపుకుని బేరమాడుతున్నాడు. అత్తయ్య వెళ్ళి అతని బేరం మధ్యలో తాళంచెవి తిప్పేసింది. నాన్నని మంచంతో సహా మోసుకొచ్చి ఆ వట్టివేరు తడికెల మీద పడుకోబెట్టారు. అమ్మా అత్తయ్యా ఎక్కారు. నన్నెవరూ పిలవలేదు, నేనే ఎక్కాను. పదిహేను కిలోమీటర్లు ఆ మండుటెండలో వెళ్ళాం. దారి పొడుగునా అమ్మ బాటిల్ నీళ్ళతో తడికెలు తడుపుతూనే ఉంది, అదేదో పెద్ద కూలర్‌లో నాన్నని కూర్చోబెట్టినట్టు. ఆ తడి గడ్డి వాసనా, నాన్న ఎగపోతా, అత్తయ్య ప్రతి రెండు నిమిషాలకీ "అన్నయ్యగారూ, కళ్ళు తెరవండి" అనడం. అంతే గుర్తుంది.

ఆసుపత్రిలో అత్తయ్య లైన్‌లో నిలబడలేదు. "పాదంలో పుండు, మనిషికి తెలివి లేదు, ఒంటేలు లేదు, ఊపిరి ముప్ఫై రెండు" అని హిందీలో అరుచుకుంటూ స్ట్రెచర్ తోసేసింది. బీపీ చూస్తే పైదే ఎనభైకి లోపలుంది. రెండు చేతులకీ సెలైన్ పెట్టారు. ముక్కుకి ఆక్సిజన్. రెండు చోట్ల నుంచి రక్తం తీసి సీసాల్లో పోశారు. అందులో ఏ క్రిమి ఉందో పెంచి చూస్తారట, రెండు మూడు రోజులు పడుతుందట. కానీ అది తేలేదాకా ఆగలేదు. సీసాలు అటు వెళ్ళాయో లేదో యాంటీబయాటిక్ ఎక్కించడం మొదలుపెట్టారు. సాయంత్రం లోపల ఆపరేషన్ గదిలో పాదం కోసి చీము అంతా తీశారు. రెండు వేళ్ళు తీసేశారు.

వెనకాల దాయీని తోడు పెట్టుకుని బస్సులో వచ్చిన నానమ్మకి ఇదంతా మింగుడు పడలేదు.

"పాదంలో మేకు దిగితే బుర్ర తిరగడమేటి? కన్నతల్లిని ఎవరమ్మా అనడమేటి? ఏటి సెప్తున్నావు నర్సమ్మా?"

"రక్తం పాదంలోనే కూర్చోదు కదండీ మామ్మగారూ. ఒళ్ళంతా తిరుగుద్ది. పుండులో ఉన్న క్రిములు అందులోకి దిగిపోయాయండి. దీన్ని సెప్సిస్ అంటారు. క్రిములు చేసే చెరుపు కొంతేనండి. వాటిని కొట్టడానికి ఒళ్ళు లేస్తది చూడండి, ఆ కొట్లాట అదుపు తప్పితే సొంత ఒంటినే పాడుచేస్తది. అందుకే బీపీ పడిపోద్ది, కిడ్నీలు ఆగుతాయి, మనిషికి తెలివి తప్పుద్ది."

నానమ్మ ఆలోచించింది.

"అంటే మా ఊరి జాతరలో దొమ్మీలాగ. పై ఊరోడ్ని కొట్టబోయి కర్రలన్నీ మనోళ్ళ బుర్రల మీదే పడ్డట్టు."

"అచ్చం అదేనండి."

"మరి ఆ సీసాల్లో ఏటో పెంచుతారట? ఆటినా? పెంచడమెందుకు, సంపీక!"

"ఏ మందుకి చస్తాయో తెలియాలి కదండీ."

డాక్టరు కుర్రవాడు. ఆ రాత్రీ మర్నాడు పగలూ గడిస్తే చెప్పగలనన్నాడు. అమ్మ ఆ మాట విని ఏడవలేదు. బెంచీ మీద నా పక్కన కూర్చుని, నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, నీకెప్పటి నుంచి తెలుసని అడిగింది. ఐదు రోజులన్నాను. గుప్‌చుప్ సంగతి కూడా చెప్పేశాను, లెక్కతో సహా. అమ్మ కొడుతుందనుకున్నాను. కొట్టలేదు.

"నేను కూడా రోజూ అంకే అడిగాను. కాళ్ళ వైపు చూడలేదు" అంది.

మర్నాడు పొద్దున మిస్త్రీకాకా వచ్చాడు. కుడిచెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని, గదిలోకి రాకుండా వరండాలోనే తచ్చాడాడు. చివరికి అమ్మ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"భౌజీ, డాక్టర్ సాబ్‌కో బోల్‌నా, ఘర్ మే లగా థా."

ఇంట్లో తగిలిందని చెప్పమని. ఇంకో ఐదు రోజులే కదా అన్నాడు. రెండు వందల ఇళ్ళలో రెండు వందల ఆడవాళ్ళు ఎదురు చూస్తున్నారన్నాడు. అందులో తన భార్య కూడా ఉందని చెప్పలేదు గానీ అది మాకు తెలుసు.

అమ్మ ఆయన వైపు చూడకుండా గోడ వైపు చూస్తూ అంది.

"భయ్యా, కుక్కర్ కోసం అందరికంటే ఎక్కువ కలలు కన్నది నేను. ముఝే నహీ చాహియే. నాకొద్దు. నేను అబద్ధం చెప్పను."

అప్పుడే సిస్టరత్తయ్య గదిలోంచి బయటికి వచ్చింది. ఆవిడకి ఆయన ముఖం కనిపించలేదు, జేబు కనిపించింది.

"హాథ్ దిఖాఓ."

"కుఛ్ నహీ హై, సిస్టర్."

"ఏం లేదంటే ఇంకా చూపించాలి."

చెయ్యి బయటికి లాగింది. బొటనవేలికి మసిగుడ్డ, ఆ గుడ్డకి రంగేమిటో చెప్పలేని పరిస్థితి. విప్పితే వేలు నిమ్మకాయలా ఉబ్బి ఉంది. ఎన్ని రోజులైందంటే ఆరు రోజులన్నాడు. అంతటి ఫోర్‌మన్, రెండు వందల మందిని కేకలేసే మనిషి, బడిపిల్లాడిలా అత్తయ్య వెనకాల డ్రెస్సింగ్ గదికి వెళ్ళాడు. దాయీ కూడా లేచి, కొడుకు వీపు మీద రెండు వేస్తూ వెంట నడిచింది.

తర్వాత జరిగింది నేను చూడలేదు. ఫ్యాక్టరీవాళ్ళు మాకు చెప్పిందే. తెల్లటి కట్టుతో గేటు దగ్గరికి వచ్చిన మిస్త్రీకాకా, నిచ్చెన తెప్పించుకుని, తనే ఎక్కి, ఎడమ చేత్తో తొమ్మిదినీ ఐదునీ తీసేశాడట. ఒక్క సున్నా తగిలించాడట. దిగి అందరి ముందూ నిలబడి, ఎవరెవరికి ఏమేం తగిలాయో ఫస్టెయిడ్ గదిలో చూపించుకోండి, ఇంక పోయేదేం లేదన్నాడట. ముందు ఒకడు బూటు విప్పాడు. మధ్యాహ్నానికి లైను గేటు దాటి టీ బండి దాకా వచ్చిందట. తొంభై ఐదు రోజుల దెబ్బలు ఒక్క రోజున బయటికొచ్చాయి. లైన్‌లో మూడు వందల మంది ఉన్నారని నేను బళ్ళో చెప్పాను. మిస్త్రీకాకా లెక్క ప్రకారం ముప్ఫై ఏడు. వాళ్ళలో ముగ్గురిని అదే రోజు ఆసుపత్రికి పంపారు.

నాన్న మూడో రోజు నానమ్మని గుర్తు పట్టాడు. "అమ్మా, గంజి" అన్నాడు. ఆవిడ గిన్నె పట్టుకుని గంజి కోసం పరుగెత్తింది. పద్దెనిమిది రోజులకి ఇంటికొచ్చాడు. వచ్చాక కూడా వెంటనే పాత మనిషి కాలేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలింది. చెప్పిన మాట మర్చిపోయి మళ్ళీ చెప్పేవాడు. రాత్రుళ్ళు బెల్టు ఆపమని కలవరించేవాడు. ఈ జబ్బు వదిలాక కూడా కొన్ని నెలలు ఇలాగే ఉంటుందని సిస్టరత్తయ్య ముందే చెప్పింది కాబట్టి మేము హడలిపోలేదు. దసరా నాటికి పనిలోకి వెళ్ళాడు. యాజమాన్యం కుక్కర్ పథకం ఎత్తేసింది. ఆ ఏడాదంతా బోర్డు మీద అంకె తొమ్మిదిని దాటలేదని, ఫస్టెయిడ్ గదిలో దూది చాల్లేదని మిస్త్రీకాకా గర్వంగా చెప్పుకునేవాడు. అమ్మ విజిల్ లేని కుక్కర్‌నే ఇంకో మూడేళ్ళు వాడింది.

కానీ ఆ వేసవి మా ఇంట్లో ఒక చట్టం పుట్టించింది. నానమ్మ పెట్టిన చట్టం. రోజూ సాయంత్రం దీపం పెట్టే వేళకి అందరూ గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. ఆవిడ సోడాబుడ్డి కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క పాదం ఒళ్ళోకి తీసుకుని, వేళ్ళ సందులు విడదీసి చూసేది. చూశాక వేళ్ళు లెక్క పెట్టేది.

"పది. లెగు."

నాన్న వంతు వస్తే, "ఎనిమిది. సరిపోనాయి. లెగు" అనేది. రోజూ అదే మాట, గొంతు కొంచెం కూడా మారకుండా. దాయీ పాదాలు చూసింది, మిస్త్రీకాకా పాదాలు చూసింది. ఒకరోజు కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినతన్ని కూడా కూర్చోబెట్టింది. నా పెళ్ళిచూపులకి వచ్చిన పెళ్ళికొడుకు బూట్లు విప్పి సాక్సుతో లోపలికి రాబోతే, "ఏటి బాబూ, అవి కూడా తీ" అంది. అతను తీశాడు. ఆ ఒక్క కారణానికే ఆవిడ సరేనంది.

ఇప్పుడు నానమ్మ లేదు. దాయీ లేదు. సిస్టరత్తయ్య రిటైరై కూతురి దగ్గరికి గోదావరి వైపు వెళ్ళిపోయింది. ఆ గోడ పడగొట్టి అక్కడ ఎవరో షాపులు కట్టారు. గుప్‌చుప్ మాత్రం సందుసందునా ఉంది. ఎందుకో నాకు ఆ పుదీనా నీళ్ళు గొంతు దిగవు.

మొన్న ఆ తీగ గుచ్చుకున్న కాలితో ఇంట్లోకి వచ్చి, ఎవరూ చూడకుండా పాలు పొయ్యి మీద పెట్టబోయాను. నాన్న హాల్లో పేపరు చదువుతున్నాడు. తలెత్తకుండానే అన్నాడు:

"మడమ మీద నడుస్తున్నావేం?"

"ఏం లేదు నాన్నా. ఏం..."

ఆ మాట పూర్తి కాలేదు. నాన్న పేపరు పక్కన పెట్టి లేచాడు. మూడు వేళ్ళ పాదాన్ని కొంచెం ఈడుస్తూ దేవుడి గూటి దగ్గరికి వెళ్ళి, అక్కడ పెట్టి ఉన్న నానమ్మ సోడాబుడ్డి కళ్ళజోడు తీసి ముక్కు మీద ఎక్కించుకున్నాడు. దాంట్లోంచి ఆయనకి ఏమీ కనిపించదు. అయినా కింద కూర్చుని చెయ్యి చాపాడు.

సెక్రటేరియట్‌లో పదిమందిని అదిలించే నేను గుమ్మంలో కూలబడి కాలు చాపాను. నాన్న తీగ గుచ్చుకున్న చోటు వెతికి, సబ్బుతో కడిగి, మందు రాసి, ధనుర్వాతం సూది ఎప్పుడు వేయించుకున్నావని అడిగాడు. గుర్తు లేదన్నాను. సాయంత్రం వెళ్దామన్నాడు. ఆ తర్వాత ఒక్కొక్క వేలూ పట్టుకుని, తొందరేమీ లేకుండా, లెక్క పెట్టాడు.

"పది" అన్నాడు. "లెగు."